మే నెలకు మొక్క వయసెంత?

మార్చి మొదటి వారంలో నర్సరీ నుంచి తెచ్చి నాటిన టమోటా మొక్క అనంతపురంలో మిద్దె మీద ఏప్రిల్ నాటికి మూడడుగులు పెరుగుతుంది. ఆకు ముదురుపచ్చగా ఉంటుంది, గుత్తులు గుత్తులుగా పూత వస్తుంది. ఇంట్లోవాళ్లు ఫొటోలు కూడా తీసుకుంటారు. కథ అడ్డం తిరిగేది ఆ తర్వాతే. పువ్వు తొడిమను దగ్గరగా చూస్తే మధ్యలో వేలి కణుపులాంటి చిన్న ఉబ్బు కనిపిస్తుంది. ఆ ఉబ్బు దగ్గర పసుపు తిరిగి, ఒకటి రెండు రోజుల్లో పువ్వు సరిగ్గా అక్కడే తెగి కుండీలో పడుతుంది. కొమ్మకు తొడిమ మొండి ఒక్కటే మిగులుతుంది. వారం పది రోజులు వరసగా ఇలా రాలిపోతుంటే టెన్షన్ మొదలవుతుంది. ఎరువు చాల్లేదని ఒకరు, పురుగు పట్టిందని ఒకరు, పుల్లమజ్జిగ చల్లమని ఇంకొకరు, బోరాన్ కొట్టమని మరొకరు. అన్నీ చేస్తారు. పూత మాత్రం నిలవదు.

నిలవకపోవడానికి కారణం కుండీలో లేదు, రాత్రి గాలిలో ఉంది. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24, 25 డిగ్రీల కిందికి దిగకపోతే టమోటా పువ్వులో పుప్పొడి సరిగా తయారు కాదు. తయారైనా మొలకెత్తి అండాశయం దాకా చేరదు. గింజ కట్టని పువ్వును మోయడం దండగని మొక్క తానే దాన్ని వదిలించుకుంటుంది. ఏప్రిల్ సగం నుంచి జూన్ మొదటి వారం దాకా కడప, కర్నూలు, అనంతపురం పట్టణాల్లో రాత్రులు ఇలాగే ఉడికిపోతాయి. మిద్దె మీద పరిస్థితి ఇంకా అన్యాయం. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు రాత్రి పొద్దుపోయేదాకా సెగ కక్కుతూనే ఉంటుంది. ఎలాగో కట్టిన ఒకటి రెండు కాయలు కూడా ఎర్రబడవు, నారింజ పసుపు దగ్గరే ఆగిపోతాయి. టమోటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు దాటిన వేడిలో సరిగా తయారు కాదు.

మరి మదనపల్లె మార్కెట్‌కు ఎండాకాలంలోనే లారీలకు లారీల టమోటా ఎలా వస్తుంది? మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, కడప 140 మీటర్ల దగ్గర. వెయ్యి మీటర్లు పైకి పోతే ఆరేడు డిగ్రీల వేడి తగ్గుతుందన్న మామూలు లెక్క వేసుకున్నా ఈ రెండు ఊళ్ల మధ్య మూడున్నర డిగ్రీల తేడా ఉండాలి. కాయ కట్టడానికీ, పూత రాలడానికీ మధ్య ఉన్న గీత ఆ మూడున్నర డిగ్రీల్లోనే పడుతుంది. మదనపల్లెలో పండింది కదా అని అదే విత్తనం, అదే నెలలో కడప మిద్దె మీద వేసి, కాయలేదని విత్తనాన్ని తిట్టుకుంటే లాభం లేదు.

పెరటి తోట గురించి దొరికే సలహాల్లో చాలావాటితో వచ్చే చిక్కు ఇదే. చలిదేశాల పద్ధతిలో రాసిన క్యాలెండర్లు మార్చిని నాట్ల నెలగా చూపిస్తాయి. అక్కడ మొక్కకు శత్రువు మంచు, అది కరగగానే పని మొదలవుతుంది. విత్తన పొట్లం మీదేమో ‘ఆల్ సీజన్’ అని ఉంటుంది. ఆ మాటను నమ్మి డబ్బు పోగొట్టుకోని మిద్దె తోట ఉండదేమో. సీమ లాంటి ఎండు ప్రాంతానికీ, పాలమూరు, నల్లగొండ వైపు మెట్ట పల్లెలకూ పనికొచ్చే లెక్క వేరు. ఏ విత్తనం వేసే ముందయినా ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈ మొక్కకు మే నెల వచ్చేసరికి వయసెంత ఉంటుంది? కాపు ముగించుకుని పీకేసే వయసా, వేరు లోతుకు దించి ఎండను తట్టుకునే వయసా, ఇంకా మట్టిలో పడని విత్తనమా? ఈ మూడింటిలో ఏదైనా ఫరవాలేదు. లేత వయసులో, పూత పూసే వయసులో మే నెలకు చిక్కితేనే కష్టం.

అలా చూస్తే ఇక్కడ తోట ఏడాది ఉగాదికి కాకుండా ఆగస్టులో మొదలవుతుంది. దీనికి వాన కూడా సాక్ష్యం చెబుతుంది. అనంతపురానికి ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల వెనక వానచాటున ఉన్న ఊరు కాబట్టి జూన్, జూలైల్లో మేఘాలు తల మీదుగా పోతాయే తప్ప ఒలకవు. అసలు వాన సెప్టెంబర్‌లో. కాబట్టి ఆగస్టులో నారు పోసుకుంటే, 25, 30 రోజుల నారు సెప్టెంబర్‌లో నాటుకు వస్తుంది. టమోటా, వంకాయ, మిరప మూడింటికీ ఇదే పద్ధతి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా టమోటా కడుపునిండా కాస్తుంది, మార్చిలో అలిసిపోతుంది, మే వచ్చేసరికి కుండీ ఖాళీ. అక్టోబర్‌లో ఇంకో నాలుగు మొక్కలు నాటుకుంటే ఒకేసారి కాసి ఒకేసారి ఆగిపోకుండా ఉంటుంది.

కొత్తిమీర సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎక్కువమంది ఓడిపోయేది దానితోనే. వంటింటి డబ్బాలోని ధనియం ఒక గింజలా కనిపించినా అది నిజానికి రెండు గింజలున్న కాయ. చపాతీ కర్రతో మెల్లగా ఒత్తి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లితే త్వరగా, ఒత్తుగా మొలుస్తుంది. నేల బాగా వేడెక్కితే సరిగా మొలవదు. మొలిచినా, ఎండ ముదిరే రోజుల్లో నాలుగాకులు వేయగానే సన్నటి కాడ లేచి పూతకు పోతుంది. ఎండ రుచి చూసిన మొక్కకు ఆకు మీద ధ్యాస ఉండదు, విత్తనం మిగిల్చి పోదామనే తొందర తప్ప. అక్టోబర్ నుంచి జనవరి దాకా పదిహేను రోజులకోసారి ఒక మూర మడి చల్లుకుంటూ పోతే వంటింటికి కరువుండదు. ఫిబ్రవరి దాటాక మార్కెట్‌లో కట్ట కొనుక్కోవడమే తెలివి. మెంతికూర, పాలకూర, ముల్లంగి, క్యారెట్లకూ చలికాలమే.

చిక్కుడుది ఇంకో రకం గడియారం. పందిరి చిక్కుడు పగటి పొడుగును లెక్కపెడుతుంది. రాత్రులు పొడుగయ్యేదాకా ఎంత ఎరువేసినా తీగే పెరుగుతుంది గానీ పూయదు. అందుకే జూన్, జూలైలలో వేసినా కాయ చూసేది చలికాలంలోనే. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టే ఆచారం తోట లెక్కతో అచ్చంగా సరిపోతుంది. ఆ రోజుల్లో ప్రతి పందిరి మీదా అది ఉంటుంది మరి. మార్చిలో పందిరి చిక్కుడు వేసి మే, జూన్ అంతా దానికి నీళ్లు పోయడం నీళ్ల దండగ.

జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో పాదుల వంతు. బీర, సొర, కాకర, దోస అప్పుడు వేస్తే, ఎండలు ముదిరేలోగా వేరు లోతుకు దిగి తీగ పందిరెక్కేస్తుంది. మార్చి చివర వేస్తే మొలక లేతగా ఉండగానే వడగాలి తగులుతుంది. ఇక్కడ ఇంకో మర్మం ఉంది. వేడి పెరిగి పగళ్లు పొడుగయ్యేకొద్దీ పాదులు మగపూలు ఎక్కువగా, ఆడపూలు తక్కువగా పూస్తాయి. ఆడపువ్వును గుర్తుపట్టడం తేలికే, రేకుల వెనక కాయ ఆకారం చిన్నగా అప్పటికే ఉంటుంది. ఉన్న కొద్ది ఆడపూలైనా పిందె పడాలంటే తేనెటీగలు, రాత్రిపూట తిరిగే మాత్‌లు రావాలి. ఊరి మధ్య మిద్దెకు అవి వచ్చే గ్యారంటీ లేదు కాబట్టి మగపువ్వు కోసి రేకులు వలిచి ఆడపువ్వు మధ్యలో అద్దాలి. వేళ తెలుసుకోవాలి. సొరపువ్వు, బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటాయి. కాకర, గుమ్మడి పొద్దున పూస్తాయి. పొద్దున్నే లేచి సొరపువ్వుకు పుప్పొడి అద్దేవాళ్లు పాపం వాడిన పువ్వుతో కుస్తీ పడుతుంటారు.

ఎండాకాలాన్ని నిజంగా ఇష్టపడే మొక్కల జాబితా చిన్నది. తోటకూర, బచ్చలి, గంగవాయిలి కూర, గోంగూర, గోకరకాయ, బెండ, కరివేపాకు, మునగ. పెద్దవాళ్ల పెరళ్లలో ఉన్నవి ఇవే. మునగలో తమిళనాడు పెరియకుళం నుంచి వచ్చిన పీకేఎం-1 రకం ఏడాదిలోపే కాపుకొస్తుంది, కానీ దానికి నేల ఉండాలి, కుండీలో సరదా తప్ప కాయ ఉండదు. ఎండాకాలపు బెండకు ఎండతో గొడవ లేదు, తెల్లదోమతోనే గొడవ. అది మోసుకొచ్చే వైరస్‌తో ఈనెలు పసుపెక్కి, కాయ పాలిపోయి గట్టిపడుతుంది. పల్లాకు తెగులంటారు దీన్ని. పట్టిన మొక్కకు మందు లేదు, పీకి దూరంగా పారేయాలి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క అనామిక లాంటి రకాలు దాన్ని తట్టుకునేలా తీసినవే.

ఇప్పుడు నీళ్లు. ‘రోజూ నీళ్లు పోయండి’ అనే సలహాలో ఎన్ని నీళ్లో ఉండదు. లెక్క చాలా సులువు. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే ఒక లీటరు. నిండుగా ఎదిగిన కూరగాయల మడి ఈ ప్రాంతపు ఎండాకాలంలో రోజుకు ఏడెనిమిది మిల్లీమీటర్ల నీళ్లను గాలికి వదిలేస్తుంది, డిసెంబర్‌లో అందులో సగం. పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న మడి నాలుగు చదరపు మీటర్లకు కాస్త తక్కువ. దానికి మేలో రోజుకు దాదాపు 28 లీటర్లు కావాలి, అంటే రెండు బిందెలు. రెండు బిందెలు పోసే ఓపిక, నీళ్లు ఉన్నాయా అన్నది ఫిబ్రవరిలోనే తేల్చుకోవాలి. ట్యాంకర్ కొనే వీధిలో ఆరు మడులు వేసుకోవడమంటే మేలో ఏ మూడు మడులను చంపుకోవాలో ఎంచుకోవడమే.

ఇంకో లెక్క కూడా చూడాలి. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 25 మిల్లీమీటర్ల ఒక్క మంచి వాన పడితే రెండు వేల లీటర్లకు పైగా నీళ్లు జారి వీధి కాల్వలో కలుస్తాయి. పైన చెప్పిన మడికి ఎండాకాలంలో రెండు నెలలకు పైగా సరిపోయే నీళ్లవి. వాన సెప్టెంబర్‌లో, అవసరం మేలో అన్నదే చిక్కు. నిల్వ చేసే తొట్టి లేకపోతే ఆ నీటిని చలికాలపు తోటగా మార్చుకోవడం ఉత్తమం. ఆగస్టు తోటకే మొగ్గు చూపడానికి ఇది రెండో కారణం.

నీళ్ల నాణ్యత గురించి తోటల పేజీలు పెద్దగా మాట్లాడవు. సీమలో, నల్లగొండలో బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. మట్టికుండీ అంచుకు తెల్లగా పొరకట్టేది ఆ లవణమే. రోజూ చెంబెడు చొప్పున పైపైన తడిపితే నీరు ఆవిరై ఉప్పు వేరు దగ్గరే పోగుపడుతుంది. ఆకు అంచులు కాలినట్టు గోధుమరంగుకు తిరుగుతాయి. దాన్ని చూసి ఎరువు తక్కువైందనుకుని ఇంకాస్త ఎరువేస్తారు, అదీ లవణమే కదా. నెలకోసారైనా కుండీ అడుగు నుంచి ధారగా కారేంత నీళ్లు పోసి కడిగేయాలి. ఆర్వో మెషిన్ వదిలేసే నీళ్లు మొక్కలకు పోయకపోవడమే మేలు, బోరు నీళ్లలోని ఉప్పు అందులో ఇంకా చిక్కబడి ఉంటుంది. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పుండదు. కాకపోతే పొడిగాలిలో అది బకెట్ నిండేది ఎప్పటికో. జలదారి పక్కన అరటి, చేమ వేసుకున్న పాత ఇళ్ల లెక్క ఇప్పటికీ బాగుంది, డిటర్జెంట్ నీళ్లను మాత్రం వేరుగా పోనివ్వాలి.

నేల ఉన్నవాళ్లకు అన్నిటికంటే చవకైన ఉపాయం పాతిన కుండ. మూకుడు మూత ఉన్న, రంగు పూయని మట్టికుండను మెడదాకా మడిలో పాతి నీళ్లు నింపితే, చుట్టూ మట్టి ఎండినకొద్దీ కుండ గోడలోంచి తేమ దానంతటది బయటికి వస్తుంది. మట్టి తడిగా ఉంటే ఆగుతుంది. సుమారు రెండు వేల ఏళ్ల కిందటి చైనా వ్యవసాయ గ్రంథంలో ఈ పద్ధతి ఉంది. మన దేశంలో కర్నాల్‌లోని లవణ నేలల పరిశోధన సంస్థ 1970లలో దీన్ని పరీక్షించింది. కుండ చుట్టూ నాలుగు సొరపాదులో, కాకరపాదులో పెట్టుకుంటే రెండు మూడు రోజులకోసారి నింపితే చాలు. కుండ కొనేటప్పుడు బయట చేయిపెట్టి చూడాలి, నీళ్లు పోసిన కాసేపటికి గోడ చెమరిస్తే పనికొస్తుంది. ఒకటి రెండేళ్లలో ఉప్పు పట్టి చెమర్చడం ఆగిపోతే కొత్తది పాతుకోవాలి.

పైన కప్పు వేయడం కూడా నీళ్ల పొదుపులో భాగమే. అనంతపురంలో వేరుశనగ పొట్టుకు కొదవలేదు, రెండంగుళాల మందాన పరిస్తే మడి చల్లగా ఉంటుంది. అయితే ఎండునేలలో ఎండుచెత్త అంటే చెదలకు విందు. చెదలు ముందు పొట్టు తింటాయి, పొట్టు కింద తేమ చూసి తర్వాత కాండం జోలికొస్తాయి. కాండం చుట్టూ నాలుగంగుళాలు ఖాళీ వదిలి, అక్కడ వేపపిండి చల్లడం అవసరం. పుస్తకాల్లో ‘మల్చింగ్ చేయండి’ అని ఒక్క ముక్కలో ఉండే సలహా సీమలో ఇలా కొంచెం మారుతుంది.

మే నెలలో చేయాల్సిన పనులకంటే చేయకూడనివే ఎక్కువ. మధ్యాహ్నం రెండింటికి సొరాకులు, గుమ్మడాకులు చేటల్లా వేలాడిపోతే కంగారుపడి నీళ్లు పోస్తారు. నీరు ఆవిరైపోయే వేగాన్ని వేరు అందుకోలేని ఆ రెండు మూడు గంటలు ఆకు అలా వాలిపోతుంది. సాయంత్రం ఆరింటికి నిటారుగా లేస్తే దాహం లేనట్టే. పొద్దున ఏడింటికి కూడా వాడి ఉంటేనే వేరు దగ్గర వేలు దించి చూడాలి. ఇక మిద్దె ట్యాంకు, ఎండలో పడి ఉన్న పైపు. పైపులో నిలిచిన మొదటి రెండు చెంబుల నీళ్లు చేయి కాలేంత వేడిగా ఉంటాయి. వాటిని నేరుగా లేత మొక్క మొదట్లో పోయడం చారు పోసినట్టే. వాటిని బకెట్‌లో పట్టి పక్కనపెట్టి, చల్లటి ధార వచ్చాక పోయాలి. తెల్లవారుజామున పోస్తే ఈ గొడవే ఉండదు.

గ్రీన్ నెట్ కొనేటప్పుడు ఎక్కువ శాతం ఉన్నదే మంచిదనుకుని 75 శాతం నీడది తెస్తారు. దాని కింద ఆకుకూర బతుకుతుంది, కాయకూర సన్నగా సాగిపోతుంది. కాయ మొక్కలకు 35 శాతం, ఆకుకూరలకు 50 శాతం చాలు. అన్నివైపులా మూసేస్తే లోపల గాలాడక ఇంకా ఉడుకుతుంది, నెత్తినా పడమటివైపూ కడితే సరి. నల్ల ప్లాస్టిక్ కుండీల పడమటి గోడకు తడి గోనెసంచి చుట్టడం నెట్ కంటే ఎక్కువ పని చేస్తుందనిపిస్తుంది, అక్కడ కాలేది మొక్క వేళ్లే కాబట్టి. ఎర్రనల్లి ఈ పొడి వేడిలోనే పెట్రేగుతుంది. ఆకు వెనక సన్నటి బూజులాంటి గూడు, ముందు పసుపు చుక్కలు కనిపిస్తే రెండు మూడు రోజులు వరసగా పొద్దున్నే ఆకు అడుగుభాగాన్ని నీళ్లతో గట్టిగా కడగడం మొదటి వైద్యం. మధ్యాహ్నపు ఎండలో వేపనూనె కొడితే నల్లి కంటే ముందు ఆకు మాడుతుంది.

మిద్దె మీద మే నెలలో ఎండాల్సింది వడియాలు. మొక్కలు తగ్గించుకుని, ఖాళీ అయిన మడికి ఎండనే పనిలో పెట్టొచ్చు. వంగ, టమోటా, బెండ వేళ్లకు బుడిపెలు కట్టించే నులిపురుగులు, నారును కుళ్లబెట్టే శిలీంధ్రాలు మట్టిలోనే ఉంటాయి. మడిని తవ్వి, బాగా తడిపి, పారదర్శకమైన పల్చటి పాలిథిన్ పట్టా పరిచి అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేస్తే, చిక్కిన వేడికి పైపొరలోని చాలా భాగం చస్తుంది. నల్లపట్టా వద్దు, అది వేడిని తనలోనే పెట్టుకుంటుంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 1976లో శాస్త్రీయంగా నిరూపించిన పద్ధతి ఇది. దీనికి కావాల్సిన మండుటెండ సీమకు ఎవరూ అమ్మనక్కర్లేదు.

మృగశిర కార్తె రాగానే ఒక జల్లు పడుతుంది, మట్టి వాసనకు చేతులు ఊరుకోవు. అయినా అనంతపురం వైపు ఆ జల్లు తర్వాత రెండు మూడు వారాలు చుక్క పడని ఏళ్లు ఉన్నాయి. వేలు లోతు తడికి మురిసి విత్తనం వేస్తే మొలక మొలిచి మాడుతుంది. జానెడు లోతు తవ్వి పిడికిట పట్టిన మట్టి ముద్ద కడితే అప్పుడు బెండ, గోకర, పందిరి చిక్కుడు వేయొచ్చు. ఈలోగా చేయదగిన పని ఒకటుంది. పోయిన సెప్టెంబర్‌లో నాటిన వంకాయ చెట్లు మేలో ఆకు రాల్చి, కర్రల్లా నిలబడి ఉంటాయి. వాటిని చచ్చాయని పీకేయొద్దు. నేల నుంచి జానెడు వదిలి పదునైన కత్తెరతో ఏటవాలుగా కోసి, పుచ్చిన కొమ్మలు తీసేసి, మొదట్లో రెండు దోసిళ్ల మాగిన ఎరువు వేసి పాదు కట్టాలి. మొదటి గట్టి వానకు మొండెం కణుపుల దగ్గర ఊదారంగు చిగుళ్లు లేస్తాయి. కొత్త నారు పూతకు రాకముందే ఆ పాత చెట్టు కాయలు కూరకొస్తాయి.